చందన నలభై ఒకటో ర్యాంకు

నా పేరు తార. కామారెడ్డి పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నాది. ఐదు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, కరెంటు పోతే తనూ మూలుగుతూ పోయే ఒక ఇన్వర్టరు. బజారులో నా నోటికి జడవని వాళ్లు తక్కువ. పుట్టిన తేదీ సరిగా చెప్పలేని పిల్లల్ని, సంతకం చేయాల్సిన చోట పేరు రాసి తెచ్చేవాళ్లని, ఎవర్నైనా సరే నాలుగు మాటలు అనకుండా పంపను. నేను తిడితేనే ఫారం సరిగ్గా పోతుందని డిగ్రీ పిల్లల్లో ఒక నమ్మకం కూడా ఉంది. అంత నోరున్నదాన్ని, ఒక్కరోజు చెప్పాల్సిన మాట సగమే చెప్పాను. దానితో ఒక ఆడపిల్ల నాలుగు నెలలు నోరు విప్పలేక నలిగిపోయింది. ఆ పిల్ల సంగతే చెబుతున్నాను.

చందనది ఎల్లారెడ్డి నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉండే లంబాడీ తండా. రెండు వేల పదిలో కామారెడ్డిలో బీకాం చేరి, ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. స్కాలర్‌షిప్ ఫారం పట్టుకుని నా దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు గంటసేపు గుమ్మం పక్కనే నిలబడింది. "ఏందే, గోడకు మేకు కొట్టినట్టు నిలబడ్డవ్? నోరు లేదా?" అన్నాను. "మీరు పనిల ఉన్నరని నిలబడ్డ" అంది. అంతే, ఇంకో మాట లేదు. తండాలో పుట్టి పెరిగింది కనుక ఇంట్లో లంబాడీ, బడికి పోయాక తెలుగు. ఇంగ్లీషు మాత్రం నా దుకాణంలో మూలన ఉన్న ఐదో కంప్యూటర్ ముందు కూర్చుని తనకు తానే కూడబలుక్కుని నేర్చుకుంది. పెదవులు కదిలిస్తూ చదివేది. పక్క సీటులో పిల్లలు సినిమా పాటలు పెట్టుకుని ఊగుతుంటే ఈమె ఒక్కతే స్తోత్రం చదివినట్టు గొణుక్కుంటూ ఉండేది.

మా దగ్గర బీకాం పిల్లలకు ఎంబీఏ అంటే ఐసెట్టే. ఆ పరీక్షలో ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, సెంటరు నిజామాబాదులో పడుతుంది, ర్యాంకు కాస్త అటూ ఇటూ అయినా ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతుంది. చివరి సంవత్సరం పిల్లలంతా మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంపులుగా వచ్చి నా ప్రాణం తీసి ఆ ఫారాలు నింపించుకుని పోతారు. అలాంటిది రెండు వేల పన్నెండు ఆగస్టులో చందన వచ్చి, "అక్కా, క్యాట్ ఫారం నింపాలె" అంది.

"ఏం క్యాటే? ఐసెట్‌కు ఇంకా ఆర్నెల్లుంది గదా!"

"ఐసెట్ కాదక్కా. గిది దేశం మొత్తానికి పెట్టే పరీక్ష. పెద్ద పెద్ద ఎంబీఏ కాలేజీలకు."

"మొత్తం ఇంగ్లీషుల ఉంటది. ఎరికేనా?"

"ఎరికే."

"నీ క్లాసుల ఇంకెవరు రాస్తున్నరు?"

"ఎవ్వరు రాస్తలేరు."

"మరి నీకొక్కదానికే ఎందుకే గా తిప్పలు? సక్కగ ఐసెట్ రాసుకోరాదు?"

చందన, రెండేళ్లలో నాతో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది. "ఐసెట్ రాస్తే మల్ల గీ బస్టాండే, గసుంటి హాస్టలే అక్కా. ఎవలేమంటరో, నేనేం జేస్తనో అన్ని ముందుగాల్నే ఎరుకైతయి. క్యాట్ రాస్తే ఏడికి పోతనో నాకే తెల్వదు. గట్ల తెల్వని కాడికి ఒక్కసారన్న పోవాలనుంది."

నాకు కోపం వచ్చింది, ఎందుకో ముచ్చటా వేసింది. తిట్టుకుంటూనే ఫారం నింపాను.

ఐసెట్ చదివే పిల్లలు హాస్టల్ వరండాలో గుంపుగా కూర్చుని చదువుతారు. ఒక గైడు నలుగురు పంచుకుంటారు, ఒకరి లెక్క ఒకరు చూసి వెక్కిరించుకుంటారు, అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. చందనకు ఆ సుఖం లేకుండా పోయింది. ఆమె పుస్తకం ఇంకెవరికీ అక్కర్లేదు. అర్థం కాని మాట అడగడానికి మనిషి లేదు. క్యాట్ అంటే పిల్లి కదా, హాస్టల్ పిల్లలు ఆమె పేరే మార్చేశారు. "పిల్ల కాదే, పిల్లి! పిల్లి చదువుతుంది, సప్పుడు జేయకుండ్రి" అని మ్యావ్ మ్యావ్ అనేవారు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కానీ రోజూ సాయంత్రం ఆ అరుపులు వినలేక చందన వచ్చి నా ఐదో కంప్యూటర్ దగ్గర కూర్చునేది.

నవంబరులో ఒక్కతే రైలెక్కి హైదరాబాదు పోయి పరీక్ష రాసి వచ్చింది. "ఎట్ల రాసినవే?" అని అడిగితే, "ఏసీ గదిల సలి పెట్టిందక్కా" అని మాత్రం అంది. ఇంకో రెండు రోజులకు, "ఇంగ్లీషు పాఠం ఒక్కటి అర్థమయ్యేసరికే సగం టైమయిపోయింది" అని తనంతట తనే చెప్పింది. ధైర్యం చెప్పాలని నాకు తోచలేదు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే దాని పని చూస్తూ ఉండిపోయాను.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. ఆ రోజు చందన రాలేదు, వాళ్ల నాయన వచ్చాడు. లింబ్యా పొడుగు మనిషి, తలకు తెల్ల గుడ్డ చుడతాడు, తన రెండెకరాల్లో మక్కజొన్న వేస్తాడు. మార్కెట్ యార్డుకు వచ్చినవాడు హాస్టల్ దగ్గర బిడ్డను పలకరిస్తే, తనకు చూసుకునే ధైర్యం లేక, నంబరు రాసిన చీటీ ఇచ్చి నా దగ్గరికి పంపింది. దుకాణంలో నిలబడేందుకు చోటు లేదు. పన్నెండింటికి కరెంటు కోత. పావు తక్కువ పన్నెండు అయింది. నేనేమో పది మందిని పది రకాలుగా కసురుతున్నాను. సైటు తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక చూస్తే నలభై ఒకటి పాయింట్ మూడు ఏడు.

"ఎంతొచ్చింది చెల్లె?" అన్నాడు లింబ్యా.

"నలభై ఒకటి."

"నలభై ఒకటా! కామారెడ్డిలనా?"

"కామారెడ్డేంది అన్నా, దేశం మొత్తం మీద" అన్నాను. అబద్ధం కాదు. కానీ అంతకన్న పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఎందుకంటే క్యాట్‌లో మన పిల్లలకు తెలిసిన ర్యాంకును చూపించరు. నూటికి ఎంతమంది నీకంటే వెనక ఉన్నారో చెబుతారు. నలభై ఒకటి అంటే వందమందిలో నలభై ఒక్కరు వెనక, మిగతా వాళ్లంతా ముందు. అక్కడ నంబరు ఎంత పెద్దదైతే అంత మంచిది. చందనకు వచ్చిన నంబరుకు ఆమె అనుకున్న కాలేజీలేవీ పిలవవు. మా దగ్గర ఎంసెట్ అయినా, ఐసెట్ అయినా, ఇంకేదైనా, అన్నీ ర్యాంకులే. నంబరు ఎంత చిన్నదైతే అంత గొప్ప. బడి మొహం చూడని లింబ్యాకు కూడా ఆ సంగతి తెలుసు, పేపర్లో ఫొటోలు వేసేది చిన్న నంబర్ల పిల్లలవే కదా. ఆ తేడా నాకు తెలుసు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. చెప్పేలోపు కరెంటు పోయింది, ఐదు కంప్యూటర్ల ముందున్నవాళ్లు ఒక్కసారిగా నా మీద పడ్డారు, నేను వాళ్ల మీద పడ్డాను. తల ఎత్తి చూస్తే లింబ్యా లేడు. పోనీలే, పిల్ల వచ్చినప్పుడు పిల్లకే చెబుదాం అనుకున్నాను.

లింబ్యా హాస్టల్‌కు పోలేదు. ఆ సంతోషంలో బిడ్డ కామారెడ్డిలోనే ఉందన్న సంగతే మరిచాడేమో, నేరుగా ఎల్లారెడ్డి బస్సెక్కి, దిగీ దిగగానే మిఠాయి దుకాణానికి పోయాడు. మర్నాడు పొద్దున్నకల్లా తండా యువజన సంఘం పెట్టిన భీమ్‌సింగ్ ఎల్లారెడ్డి బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. చందన బస్‌పాస్ ఫొటోను మనిషంత పెద్దది చేసి, కింద "క్యాట్‌లో ఆలిండియా 41వ ర్యాంకు సాధించిన తండా ముద్దుబిడ్డ చందనకు శుభాకాంక్షలు" అని రాయించి, చుట్టూ సంఘం వాళ్ల ఫొటోలు పెట్టించాడు.

రెండో రోజు మధ్యాహ్నం చందన నా దుకాణానికి వచ్చింది. అప్పటికే ఫ్లెక్సీ కబురు హాస్టల్‌కు చేరి, వార్డెన్ శాలువా కప్పిందట. "ప్రింటు తీయక్కా" అంది. తీసి ఇచ్చాను. నిలబడే చదువుకుంది. పర్సెంటైల్ అన్న మాట మీద వేలు పెట్టి, "బాపుకు ఏమని చెప్పినవ్?" అని అడిగింది.

"ఉన్నదే చెప్పిన. నలభై ఒకటన్న" అన్నాను. "పూర్తిగ ఇనకుండ ఉరికిండు మీ నాయిన. నేనేం జెయ్యాలె? నాకు కరెంటు పోయింది, పది మంది నెత్తి మీదున్నరు!"

తప్పు నాదని తెలిసే అరిచాను. తప్పు నాదైనప్పుడే నా గొంతు ఎక్కువ లేస్తుంది. చందన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. "ఆదివారం ఇంటికి పోయి చెప్త" అంది.

ఆదివారం పోయింది, చెప్పలేదు. ఎల్లారెడ్డిలో దిగితే బస్టాండు ముందు తన ముఖమే తనను చూస్తోంది. ఆటో ఎక్కితే డ్రైవరు మెచ్చుకున్నాడు. తండాలో ముసలివాళ్లు పిలిచి తల నిమిరారు. వాళ్లమ్మ సోమ్లి బిడ్డకు దిష్టి తగులుతుందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. లింబ్యా అయితే బిడ్డ పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చున్నాడట, చూసుకోవడానికి. "గా మొకం జూసి ఎట్ల చెప్పాలె అక్కా?" అని సోమవారం నన్నడిగింది.

ఆ తరువాత తను చదివిన బడిలో సన్మానం చేస్తామంటే జ్వరమని తప్పించుకుంది. హాస్టల్లో ఇప్పుడు ఎవరూ మ్యావ్ అనడం లేదు. జూనియర్లు వచ్చి, "అక్కా, ఎన్ని గంటలు చదివినవ్? ఏ పుస్తకం చదివినవ్?" అని అడుగుతున్నారు. వెక్కిరించినప్పుడు ఆమె పక్కన ఎవరూ లేరు, మెచ్చుకుంటుంటే కూడా ఎవరూ లేరు. నిజం తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే, నాకేమో ఓదార్చడం చేతకాదు. అందుకని నా దుకాణానికే వచ్చేది. ఐదో కంప్యూటర్ ముందు కూర్చునేది, దాన్ని ఆన్ చేసేది కాదు. చీకటి తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని అరగంట కూర్చుని వెళ్లిపోయేది. ఒకట్రెండుసార్లు టీ తెప్పించి ముందు పెట్టాను. పైన మేడ మీద గదిలో నేనూ ఒంటరిగానే ఉంటాను కనుక, ఒంటరితనం అంటే నాకు తెలుసనుకునేదాన్ని. తప్పు. నా గురించి ఎవరికీ తెలియకపోవడం వేరు. ఊరంతటికీ తెలిసిన మనిషివై, ఆ తెలిసింది నువ్వు కాకపోవడం వేరు.

ఏప్రిల్ వచ్చింది. ఐసెట్ ఫారాలకు గడువు దగ్గర పడింది. హాస్టల్ పిల్లలంతా నింపేసుకున్నారు. చందనను ఎవరూ అడగలేదు, దేశంలో నలభై ఒకటో పిల్లకు ఐసెట్ ఎందుకు? ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకు బజారులో పిట్ట కూడా కదలని వేళ, వచ్చి కూర్చుని కంప్యూటర్ ఆన్ చేసింది.

"అక్కా, ఐసెట్ రాయకపోతే నాకు ఏడాది పోతది. జూన్‌ల ఏ ఊరికి పంపాలె, ఎప్పుడు పంపాలె అని బాపు రోజు ఫోన్ జేస్తుండు. రాద్దమంటే సెంటర్ నిజామాబాద్. సగం కామారెడ్డి ఆడనే ఉంటది. నన్ను జూస్తె అందరికి ఎరుకైతది."

"నేను చెప్తనే మీ నాయినకు. ఇప్పుడే ఫోన్ జేస్త" అన్నాను.

"వద్దు!" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇంకొకలు జెప్తె బాపు తట్టుకోడు. నేనే చెప్త. ముందుగాల ఫారమైతే నింపు."

నింపాను. ఒక్క తిట్టు కూడా నా నోట రాలేదు.

మే నెలలో పరీక్ష. అప్పటికీ చెప్పలేదు. నిజామాబాదులో కాలేజీ పని ఉందని చెప్పి తండా నుంచి బయలుదేరితే, "ఎండల ఒక్కదానివే ఎందుకు?" అని లింబ్యా వెంట వచ్చాడు. వద్దంటే వినలేదు. దారిలో బస్సులో చెబుదామనుకుంది, గంటన్నర ప్రయాణంలో మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు నీళ్లు తాగింది. సెంటరు గేటు దగ్గర, "ఈడనే కూసో బాపు, పన్నెండున్నరకు వస్త" అని చెప్పి లోపలికి పోయింది.

బయటికి వచ్చేసరికి గేటు ముందు తల్లులు, తండ్రులు, మోటారు సైకిళ్లు అన్నీ ఉన్నాయి, లింబ్యా లేడు. ఫోన్ ఎత్తడం లేదు. అందరూ వెళ్లిపోయి, గేటుకు తాళం పడేదాకా ఆ ఎండలోనే నిలబడింది. సోడా బండి ఆయన చెప్పాడట, తెల్ల తలగుడ్డ పెద్దమనిషి ఒకాయన కామారెడ్డి నుంచి వచ్చిన ఇంకొక తండ్రితో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, ఎవరితోనూ చెప్పకుండా బస్టాండు వైపు పోయాడని. ఆ ఇంకొకాయన ఫ్లెక్సీ చూసినవాడే. "గంత ర్యాంకొచ్చిన పిల్ల గిదెందుకు రాస్తది? గా నలభై ఒకటి ర్యాంకు కాదు, నూటికి నలభై ఒకటి" అని విడమరిచి చెప్పాడట.

రెండున్నరకు నాకు ఫోన్ వచ్చింది. "అక్కా, బాపు నన్ను ఇడిసిపెట్టి పోయిండు" అని ఒక్క మాట, ఆ తరువాత ఏడుపు. అంత పొడుగు మనిషి, అంత సంబరపడ్డ మనిషి, ఆ అవమానంలో ఏమైనా చేసుకుంటే? ఆ పాపం ఎవరిది? షట్టరు దించి, చందన వచ్చేదాకా బస్టాండులో కూర్చున్నాను. ఆమె దిగగానే ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాం. దారి పొడుగునా ఆ పిల్ల కిటికీ వైపే చూసింది. నేను చెప్పదలుచుకున్నవన్నీ మనసులోనే చెప్పుకున్నాను.

తండాకు చేరేసరికి ఇంకా పొద్దుంది. సోమ్లి వాకిట్లోనే ఎదురొచ్చింది. "మూడు గంటలకే వచ్చిండు. నీళ్లు సుత ముట్టలే. ఇల్లిల్లు తిరుగుతుండు. ఏమైందే బిడ్డా?" అంది.

ఇంటింటికీ పోయి బిడ్డను తిడుతున్నాడనుకున్నాను. చందన కూడా అదే అనుకుంది. చివరికి భీమ్‌సింగ్ ఇంటి ముందు దొరికాడు. అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, లింబ్యా నిలబడి, తలగుడ్డ చేతిలో పట్టుకుని మాట్లాడుతున్నాడు. అంతా లంబాడీలో. మేము వెనక గోడ పక్కన ఆగిపోయాం.

"ఏమంటుండే?" అని అడిగాను.

చందన ఒక్కొక్క మాటే తెలుగు చేసి చెప్పింది. "తప్పు నాది అంటుండక్కా. చదువు రానోన్ని, తప్పు ఇన్న అంటుండు. నా బిడ్డ మొదటి రోజే నాకు చెప్పింది, గది ర్యాంకు కాదు బాపు అని కాళ్లు మొక్కింది, నేనే ఇనకుండ మిఠాయిలు పంచిన అంటుండు. ఎవలన్న ఏమన్న అంటే నన్ను అనుండ్రి, నా బిడ్డను అనకుండ్రి అంటుండు."

"మొదటి రోజు చెప్పినవా?"

"చెప్పలేదక్కా. ఎన్నడు చెప్పలేదు" అని అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

అప్పుడు నేను ముందుకు పోయి, 'తప్పు ఈయనది కాదు, బిడ్డది కాదు, నాది' అని చెప్పాల్సింది. నాలుగడుగుల దూరం. కామారెడ్డి బజారును గడగడలాడించే నోరు నాది, ఆ రోజు పెగల్లేదు. లింబ్యా మమ్మల్ని చూశాడు. వచ్చి బిడ్డ ముందు వంగి ఏదో అడిగాడు. అన్నం తిన్నావా అని అడిగాడట.

జూన్‌లో ఐసెట్ ఫలితాలు వచ్చిన రోజు దుకాణం మళ్లీ కిటకిటలాడింది. మధ్యాహ్నం లింబ్యా వచ్చాడు. ఈసారి చందన కూడా వచ్చింది కానీ గడప అవతలే నిలబడింది. నేను అందర్నీ బయటికి పంపించేశాను. గొణిగినవాళ్ల మీద అరిచాను. కుర్చీ తుడిచి లింబ్యాను కూర్చోబెట్టి, "అన్నా, ఆనాడు తప్పు నాది. పూర్తిగ చెప్పకుండ నిన్ను పంపిన. నువ్వు నీ మీదేసుకున్నవ్" అని ఇన్నాళ్లూ మింగిన మాట కక్కేశాను. నా కళ్లలో నీళ్లు వచ్చాయి, సిగ్గు పడలేదు.

లింబ్యా నా మాట విన్నాడో లేదో తెలియదు. హాల్ టికెట్ నా చేతికి ఇవ్వబోయి, ఇవ్వకుండా తన దగ్గరే పట్టుకున్నాడు. గడప వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ముందుగాల నాకొక్కటి జెప్పు చెల్లె. గీ పరీక్షల పెద్దగొస్తె మంచిదా, చిన్నగొస్తె మంచిదా?"